ఎవరి డబ్బా వాళ్లకే

శంషాబాద్ విమానాశ్రయం దగ్గర ఒక గోదాములో కొత్త భోజనాల హాలు తెరిచిన మరునాడు మధ్యాహ్నం, ప్యాకింగ్ పనిచేసే ఒకామె సూపర్‌వైజర్‌ను నిలదీసింది.

“మాతోని పనిజేసే రేణుకమ్మ నోటికాడి బువ్వ గుంజింది నువ్వే సారూ!”

“నేనా? ఏసీ పెట్టించాం, కుర్చీలు వేయించాం. నేల మీద తినే బాధ తప్పించాం కదమ్మా?”

“తప్పిచ్చిన్రు. గని ఎవలి సీటు వాళ్లదే, ఎవలి డబ్బ వాళ్లదే అన్నరు. గదేంది?”

“అది పద్ధతి. ఒకరి ఎంగిలి ఒకరికి అంటకుండా.”

“ఎంగిలేడిది? తినకముందే కూరలన్ని నడుమ పెడ్తుంటిమి. ఎవలికి గావాల్సింది వాళ్లు ఏసుకుంటుంటిమి.”

“ఇప్పుడు ఆవిడ కూర ఆవిడే తినొచ్చుగా? నాకేమీ అర్థం కావట్లేదు.”

“ఆమె డబ్బల కూర ఎన్నడుండె సారూ? ఉత్త అన్నమే తెస్తది. అన్ని నడుమ పెడితే ఎవలు ఏం తెచ్చిన్రో ఎవలు జూస్తరు? నిన్న కుర్చీల కూసోని మూత దీసింది, అందరు జూస్తుంటే మల్ల మూసింది. ఇయ్యాల హాలుకే రాలే.”

“అయ్యో... మరి నన్నేం చేయమంటావు?”

“గది గూడ నేనే చెప్పాల్నా? ఆ బల్లలు పక్కకు గుంజు. చాపలు పరువు. పోయి రేణుకమ్మను నువ్వే పిలువు. బువ్వ టైం అయిపోకముందే!”