సముద్ర మహల్ మూడో అంతస్తు

"వాల్తేరు సముద్ర మహల్ హోటల్లో దర్వాను నాకు సలాం కొట్టాడు. నేను చెప్పేది ఇంతే. ఇంతకుమించి ఒక్క ముక్క చెప్పమన్నా చెప్పను," అన్నాడు సోమసుందరం, బల్ల మీద ఇంకాస్త వెనక్కి జరిగి మఠం వేసుకుంటూ.

నర్సీపట్నంలో మోటారు బస్సు ఆగేచోట టీ కొట్టు ఒకటుంది. పొద్దుటినుంచి వాన. దారిలో గెడ్డ పొంగిందని, రైలు స్టేషన్ నుంచి వచ్చి మళ్లీ అటే పోవలసిన బస్సు ఇంకా రాలేదు. పెంకుల పంచ కింద పదిమందిదాకా ఇరుక్కుని కూర్చున్నారు. సోమసుందరం ఒక ప్లీడరుగారి గుమస్తా. బస్సులో వచ్చే కాయితాల కట్ట కోసం వచ్చి వానకి చిక్కుకున్నాడు. నలుగురు కదలకుండా దొరికితే ఆయనకి అంతకన్నా పండగ లేదు.

"సలాం కొట్టాడంటే ఊరికే కొడతాడా? ప్లీడరుగారి పాత కోటు తొడుక్కున్నాను. ఆయన కక్షిదారు ఒకాయన, చిన్న రాజావారు, సముద్రపు గాలికని ఆ హోటల్లో దిగారు. వకాల్తా మీద సంతకం పెట్టించుకు రమ్మని నన్ను పంపారు. ఎవర్ని పడితే వాళ్లని పంపుతారా? సరే, ఇసక మీద నడుచుకుంటూ వెళ్లి తలెత్తి చూశాను. ఏం చెప్పమంటావు! తెల్లగా, గవ్వ బోర్లించినట్టుంది. మూడు వరసల కిటికీలు. ప్రతి కిటికీకీ రంగు అద్దాలు. ఎండ తగిలితే ఎదురుగా ఉన్న ఇసకంతా ఎరుపూ ఆకుపచ్చా. స్తంభాలు చూస్తే అరటిబోదెల్లా నున్నన. లోపల కాలు పెట్టానా, నేల నల్లరాయి, తెల్లరాయి. నా మొహం నాకే కనిపించింది కింద. ఎవడో నేల కిందనుంచి నన్ను చూస్తున్నాడనుకుని ఒక్క గెంతు గెంతాను!"

పంచలో నవ్వులు. గోడవారన మూట ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ఒకావిడ మాత్రం నవ్వలేదు. ముందుకి వంగి వింటోంది. ఆవిడ పేరు జోగులమ్మ. పక్కన ఆవిడ తమ్ముడు మంగరాజు, చెరకు రైతు.

"లోపల శానా మంది పనోళ్లుంటారా బాబూ?" అని అడిగింది.

"అక్కడికే వస్తున్నానమ్మా. ఒక్కడు లేడు! పైనుంచి వెయ్యి గాజుచుక్కలు వేలాడే దీపం, పట్టు కుర్చీలు, పూలసజ్జలు, అన్నీ ఉన్నాయి. మనిషి అనేవాడు లేడు. 'ఎవరండీ' అన్నాను. 'అండీ, అండీ' అని గోడలు పలికాయి. గోడకి లక్కరంగు పూసిన బొడిపె ఒకటుంది, లాగితే గంట మోగుతుందని దర్వాను ముందే చెప్పాడు. ఎంత ముద్దుగా ఉందనుకున్నావు, ఎరుపు మీద పసుపు చార. లాగాను. చప్పుడు లేదు. మళ్లీ లాగాను. దాహంతో నాలిక పిడచకట్టిపోతోంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏటైంది?" అన్నాడు మంగరాజు.

"రాజావారు మూడో అంతస్తులో ఉన్నారన్నారు కదా అని మెట్లెక్కాను. చలవరాతి మెట్లు, పాదం పెడితే చల్లగా పాకుతుంది మోకాలిదాకా. ఎక్కి చూద్దును కదా, పొడుగాటి నడవ. అటు అరవై తలుపులు, ఇటు అరవై తలుపులు, అన్నీ ఒక్కలాంటివే. పది అడుగులు వేసి వెనక్కి చూశాను. మెట్లు లేవు."

"మెట్లు నేవా!"

"లేవోయ్! ఎక్కిన మెట్లు, ఇప్పుడే ఎక్కిన మెట్లు, గోడైపోయాయి. పట్టపగలు, పదకొండు గంటలు. నా గుండె నాకే వినపడుతోంది. సరే అని ఒక తలుపు తీశాను. పట్టు పరుపు, వెండి కుళాయి. తిప్పాను. నీళ్లు రాలేదు, ఎవరో నిట్టూర్చినట్టు గాలి వచ్చింది. రెండో తలుపు తీశాను. ఒక పెద్దమనిషి కుర్చీలో కూర్చుని గంట బొడిపె పట్టుకుని ఉన్నాడు. గడ్డం ఒళ్లోకి దిగి, ఒళ్లోంచి నేలమీదకి దిగి, మంచం కోడుకి రెండు చుట్లు చుట్టుకుంది. 'నాయనా, కాఫీ తెచ్చావా?' అన్నాడు. ఎప్పుడు చెప్పారండీ అన్నాను. 'కిందటి దీపావళికి' అన్నాడు."

ఎవరో కిసుక్కున నవ్వి, పక్కవాళ్లెవరూ నవ్వకపోవడంతో ఆపేశారు. వాన జోరు పెరిగింది. పంచ చూరునుంచి నీళ్లు తెరలా పడుతున్నాయి. సోమసుందరం గొంతు తగ్గించాడు. తగ్గించేకొద్దీ జనం దగ్గరికి జరిగారు.

"మూడో తలుపు భోజనాల హాలు. వందమంది కూర్చున్నారు. బంగారు అంచు పళ్లాలు ముందున్నాయి, చెంచాలు ఎత్తిపట్టుకున్నారు. కదలరు. దగ్గరికెళ్లి చూస్తే ఒక దొరసాని కనురెప్పల మీద దుమ్ము పేరుకుంది. గోడవారన ఏడుగురు వడ్డన బంట్రోతులు, జరీ తలపాగాలు, తెల్లకోట్లు, మడత నలగలేదు. అమ్మయ్య అనుకుని ఒకడి భుజం మీద చెయ్యేసి, 'బాబూ, గుక్కెడు మంచినీళ్లు' అన్నాను. చెయ్యి లోపలికి దిగిపోయింది. లోపల మనిషి లేడు! ఉత్త కోటు. గంజి బిరుసుకి నిలబడి ఉంది!"

"ఓలమ్మో," అంది జోగులమ్మ. మూటని పొట్టకేసి అదుముకుంది.

ఆ మాట సోమసుందరానికి మంచి ఊపిచ్చింది. ఆవిడ వైపే తిరిగి చెప్పడం మొదలుపెట్టాడు.

"ఇదేం చూశావమ్మా. ఆ హాలు ఊడవడానికి ఒక మనిషిని పెట్టారు. లోవమ్మని, మన పక్క మనిషే. ఈ గుమ్మం దగ్గర చీపురు పెట్టినప్పుడు నల్లటి జడ. ఊడ్చుకుంటూ ఊడ్చుకుంటూ అవతలి గుమ్మం చేరేసరికి ముగ్గుబుట్ట. నడుం వంగినది వంగినట్టే ఉండిపోయింది. నా పంచె పట్టుకుని, 'బాబూ, నేను వచ్చి ఎన్నాళ్లయింది, మా ఊళ్లో నన్ను అడుగుతున్నారా?' అంది. ఏం చెప్పను?"

జోగులమ్మ మొహంలో నెత్తురు లేదు. మంగరాజు గొంతు సవరించుకుని, చిన్నగా అన్నాడు:

"గుమస్తాగారూ, మా అప్ప ఆ హోటల్లో పన్లోకే ఎల్తంది. ఈ బస్సుకే. ఎక్కించడానికొచ్చినాను."

సోమసుందరం తెరిచిన నోరు తెరిచినట్టే ఉంచాడు. ఆగాలని ఒక్క క్షణం అనిపించినట్టే ఉంది. కాని పదిమంది కళ్లు ఆయన నోటి మీదే ఉన్నాయి. టీ కాచేవాడు గరిట పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఆగలేదు.

"అయితే తప్పకుండా వినాలి మరి! లోవమ్మ చెయ్యి విడిపించుకుని నడవలోకి వచ్చానా, నూటిరవై తలుపులూ ఒక్కసారి తెరుచుకున్నాయి. 'ఎవరక్కడ? ఎవరక్కడ?' అని గొంతులు. ఎన్నేళ్లుగా పిలుస్తున్నారో, పలికేవాడు కనపడేసరికి నేనే పనివాణ్ణనుకున్నారు. గడ్డాలు ఈడ్చుకుంటూ వచ్చేస్తున్నారు, ఒకడికి కాఫీ, ఒకడికి తువ్వాలు, ఒకడికి వేన్నీళ్లు. నేను పరుగు. నేల నున్నదనం చెప్పాను కదా, జారాను. జారుతూనే ఉన్నాను. ఒక పూటంతా జారాను! మూడో అంతస్తు కాస్తా, వాళ్లు తరుముతుంటే పెరిగి ఏడో అంతస్తైంది. చివర కిటికీ. కళ్లు మూసుకుని దూకేశాను. చంకలో ఉన్న గొడుగు విప్పాను. డాల్ఫిన్ నోస్ కొండ మీదుగా గాలి నన్ను ఎత్తుకుపోయి, పడవలు కింద చింతగింజల్లా కనపడుతుంటే, నక్కపల్లి దాటించి ఉపమాక కొండ మీద దింపింది. స్వామి దయ. అప్పటికీ నా చెవుల్లో 'ఎవరక్కడ' అనే పిలుపే."

జోగులమ్మ లేచింది. మూట చంకన పెట్టుకుంది.

"తమ్ముడా, ఇంటికి పోదాం. నాను ఎల్లను."

"అప్పా..." మంగరాజు చెయ్యి పట్టుకోబోయి ఆగాడు. "ఏ ఇంటికే? అత్తోరు తలుపేసీసినారు. మా ఇంట్లో పిల్లలు ఆరుగురు, ఉన్నదొక్క గది. నాలుగు నెల్లు తిరిగితే గదా ఈ పని దొరికింది."

"పశువుల సాలలో పడుంటాను. ఆ కోట్ల మద్దిలో నాను బతకలేను," అంది. వానలోకి అడుగు పెట్టబోయింది.

"అమ్మా, ఒక్క నిమసం ఆగు," అన్నాడు పంచ చివర కర్రదుంగల కట్ట మీద కూర్చున్న ముసలాయన. ఏటికొప్పాక భీమన్న. లక్కబొమ్మలు చేసే మనిషి. అంకుడు కర్ర కొనుక్కోడానికి వచ్చి బస్సు కోసం చూస్తున్నాడు. ఇందాకట్నుంచి ఒక్క మాటా అనలేదు.

"గుమస్తాగారూ, తమరు ఎక్కిన మెట్లు ఏ పక్క?"

"ఎడం పక్క. ఎందుకు?"

"ఆ మహల్‌కి మెట్లు నేవండి."

"కుడి పక్కేమోలే. కంగారులో ఎవడు చూశాడు?"

"ఏ పక్కా నేవండి. మేడే నేదు. మూడు వరసల కిటికీలు సముద్రం కాడినుంచి అందంగా కనబడాలని కట్టినారు. లోపలంతా ఒకటే హాలు, పైకప్పు దాకా ఖాళీ. దానెనక పది గదులు, అన్నీ నేలమట్టమే. రాజావారు ఉంటే ఆ పదింట్లోనే ఉండుంటారు."

"నీకెలా తెలుసు?"

"తమరు లాగిన బొడిపెలు నా సేతివండి. ఎరుపు మీద పసుపు సార. మూడు నెల్లు అక్కడే ఉండి, గోడలకి నానే బిగించినాను. ఆటికి తీగ నేదు. తీగ లాగితే గోడ అందం సెడిపోద్దని కట్టించినాయన ఒద్దన్నాడు. మరి గంటెలా మోగుద్దండీ అనడిగినాను. సూడ్డానికి బావుంది కదా, సాలు అన్నాడు."

పంచంతా ఒక్కసారి గొల్లుమంది. టీ కాచేవాడు గరిట కిందపడేసి మరీ నవ్వాడు. "ఏడో అంతస్తండోయ్!" అని ఎవరో అరిచారు. సోమసుందరం కూడా నవ్వబోయాడు. నవ్వు కుదరలేదు.

జోగులమ్మ నవ్వలేదు. వచ్చి ఆయన ఎదురుగా నిలబడింది.

"లోవమ్మ?"

"లేదమ్మా."

"ఆ కోట్లు? ఆ దొరసాని?"

"ఎవరూ లేరు. అంతా నేను కల్పించిందే."

"మరి తమరి గొంతులో ఆ బయం ఎక్కడిది బాబూ? మిగతాదంతా అబద్దమే అవనీండి. అది అబద్దం కాదు. నాను ఇన్నాను గదా."

సోమసుందరం మఠం విప్పి కాళ్లు కిందకి దించాడు. పైపంచె కొసలు వేళ్లకి చుట్టుకున్నాడు. నవ్వులు ఒక్కొక్కటే ఆగాయి.

"దర్వాను సలాం కొట్టలేదు. నావైపు చూడనే లేదు. తొమ్మిదింటికి లోపలికి వెళ్లాను. ఎవరూ లేరు. కుర్చీలో కూర్చుంటే ఎవరో ఒకరు వస్తారు కదా అనుకున్నాను. కూర్చున్నాక చూశాను, గుమ్మం నుంచి కుర్చీదాకా నా పాదాల గుర్తులు. ఆ తెల్లరాతి మీద, ఎర్రగా, బురద. అవి చూసేసరికి నా ఒళ్లు చల్లబడిపోయింది. లేస్తే ఇంకో నాలుగు గుర్తులు పడతాయి. ఎవరైనా వస్తే నన్ను ఏమంటారో అని భయం. ఎవరూ రాకపోతే రోజంతా ఇక్కడే ఇలా ఉండిపోతానేమో అని భయం. బొడిపె చేతికందేంత దూరంలోనే ఉంది. ఎన్నిసార్లు లాగానో. మధ్యాహ్నం మూడయింది. గొంతు ఎండిపోయి కళ్లు తిరుగుతున్నాయి. గట్టిగా పిలవొచ్చు కదా అంటావు. నోరు రాలేదమ్మా. అంత అందమైన చోట నా గొంతు ఎలా ఉంటుందో అని. చివరికి లేచి, ఆ గుర్తుల్లోనే అడుగులు వేసుకుంటూ బయటికొచ్చేశాను. రాజావారు ఊళ్లో లేరని ప్లీడరుగారికి చెప్పాను. ఆయనకి ఇప్పటికీ నిజం తెలీదు. రేపు ఈ పదిమంది నోటా తెలుస్తుంది."

మంగరాజు తల దించుకుని నేల చూస్తున్నాడు.

"ఆరు గంటలు," అంది జోగులమ్మ. "మంచినీళ్ల కోసం ఆరు గంటలు."

"ఊఁ."

"ఎనకాతల పెరట్లో నుయ్యి ఉందమ్మా," అన్నాడు భీమన్న. "తియ్యటి నీళ్లు. లోపలున్నోళ్లకి తెచ్చిచ్చే మనిసే లేడు."

వాన హోరులోంచి బస్సు హారన్ వినపడింది. ఒళ్లంతా బురదతో వచ్చి ఆగింది. జనం లేచారు, బుట్టలు, మూటలు, తోపులాట. జోగులమ్మ కదల్లేదు. మంగరాజు ఆమె మొహంలోకి చూస్తున్నాడు.

"పద," అంది చివరికి.

సోమసుందరం వానలోకి దిగి, ఆవిడ ఎక్కాక మూట పైకి అందించాడు. కండక్టరు తలుపు వేశాడు. బస్సు కదులుతుంటే జోగులమ్మ కిటికీలోంచి తల బయటపెట్టింది. మొహం ఇంకా పాలిపోయే ఉంది. మాట మాత్రం గట్టిగానే వచ్చింది:

"మళ్లీ ఆ ఊరొస్తే లోపలికి రండి బాబూ. బొడిపె లాగకండి. జోగులమ్మా అని కేకెయ్యండి. నీళ్లు నాను తెస్తాను."