పిడి లేని పంకా

హలో… ఆఁ, నేనే… కుసాంబ నుంచే, ఇంకెక్కడి నుంచి? మీ వదినకి ఇంకో ఊరుందా?

…

బాగున్నామా అనా? అడుగు, అడుగు. మీ అన్న బాగానే ఉన్నాడు, బంజారు మండపంలో ఊరి సభకి వెళ్ళాడు. నేనూ బాగానే ఉన్నాను. బాగాలేనిదల్లా నువ్వు బాగుచేయించి తెచ్చిన కొలిమి పంకా ఒక్కటే.

…

తిరగకపోవడమేంటి? తిరుగుతోంది. మీట నొక్కితే చాలు, తుఫానులా తిరుగుతోంది. అదే నా ఏడుపు!

…

నువ్వు కాసేపు ఆగు కెతుట్, నన్ను చెప్పనీ. పంకాని నీ బండెక్కించిన రోజు నేనేం చెప్పాను? … గుర్తులేదూ? నాకు గుర్తుంది. డొక్క విప్పి కిరసనాయిలుతో కడిగించమన్నాను. అరిగిపోయిన బేరింగు గోళీలు మార్పించమన్నాను. పళ్ళచక్రాల పెట్టెలో పల్చటి నూనె పోయించమన్నాను. అతుకు దగ్గర గాలి పోతోంది, అక్కడో తోలుముక్క వేయించమన్నాను. ఇందులో మోటారు అన్న మాట ఎక్కడైనా ఉందా?

…

నూనె కారుతోందని షాపువాడు అన్నాడా! కారక ఏం చేస్తుంది? మీ నాన్న కొన్ననాటి నుంచీ కారుతూనే ఉంది. నాలుగు చుక్కలు తాగి రెండు చుక్కలు కక్కుతుంది, దాని తీరే అంత. కారడం మానేసిన రోజున భయపడాలి, లోపల ఎండిపోయిందని. దెన్‌పసార్‌లో గేట్లకి వెల్డింగు చేసుకునేవాడికి తెలియదు, సరే. కమ్మరి పండేల ఇంట్లో పుట్టినవాడివి, నీకూ తెలియదూ?

…

ఆఁ, చెప్పు. వింటున్నాను.

…

నా భుజమా? నా భుజం నీకు ఫోన్ చేసి మొరపెట్టుకుందా, "బాబూ కెతుట్, మీ వదిన నన్ను ముప్పై ఏళ్ళుగా తిప్పిస్తోంది, విడిపించు" అని?

…

నవ్వకు. నేను నవ్వించడానికి అనలేదు.

…

నీ మనసు మంచిదే. కాదని ఎవరన్నారు? మంచి మనసుతోనే పళ్ళచక్రాలు పీకించావు. మంచి మనసుతోనే పిడి కోయించావు. మంచి మనసుతోనే దానికి పెళ్ళికూతురిలా ఎర్రరంగు పూయించావు. మొదటిరోజు సెగ తగలగానే ఆ రంగు కాలి, ఇల్లంతా కంపు. రోగం ఒకచోట ఉంటే వాత ఇంకోచోట పెట్టావు.

…

అప్పుడే ఎందుకు అనలేదా? ఎప్పుడు తెచ్చావో ఒకసారి గుర్తుచేసుకో. టుంపెక్ లాండెప్ పొద్దున. ఇనుముకి పూజ చేసే రోజు. ఆ రోజు మనింట్లో ఎవరైనా సుత్తి ఎత్తుతారా? కొలిమి వెలిగిస్తారా? నువ్వేమో దాన్ని తెల్లబట్ట చుట్టి తీసుకొచ్చి నేరుగా దాగలి దిమ్మ పక్కన పెట్టావు. పూజారి వచ్చాడు, అందరం దణ్ణం పెట్టాం. నేనూ పెట్టాను. బట్ట తీస్తే పిడి లేదు. పూజ మధ్యలో నోరెత్తుతానా? నువ్వు సాయంత్రానికి బండెక్కి వెళ్ళిపోయావు. మర్నాడు నిప్పు వేస్తే గాని మాకు తెలిసిరాలేదు.

…

తెలిసిందేమిటంటే — మూడు కత్తులు పోయాయి.

…

పోయాయంటే దొంగలెత్తుకెళ్ళలేదు. మాడిపోయాయి! ఉక్కు తెల్లబడి, రవ్వలు కక్కి, దాగలి మీద పెట్టి కొట్టగానే అటుకుల్లా పొడిపొడి అయ్యాయి. గుడి ఉత్సవంలో వంటకి కత్తులు, పన్నెండు. పున్నమికి ఇవ్వాలి. మూడు తరాలుగా ఆ కత్తులు మనమే ఇస్తున్నాం. పున్నమి ఎన్ని రోజులుందో లెక్కపెట్టుకో.

…

ఉక్కు మంచిది కాదనా? మీ అన్న కూడా అదే అన్నాడు. ఉక్కు మంచిదే.

…

ఆ మీట నాకు తెలుసు. గాలి తగ్గించుకునే మీట. తగ్గించి చూశాను, పెంచి చూశాను. మొత్తం ఆపేసినా అది ఊపు మీద ఇంకా పది గిరగిరలు తిరిగి గాని ఊరుకోదు. ఆ పది గిరగిరల్లోనే ఇనుము మాడుతుంది.

…

అలవాటు కావడానికి అది కొత్త చెప్పులజోడు కాదు కెతుట్! … లేదు, అరవడం లేదు… ఆఁ, అరుస్తున్నాను! అరవనీ!

…

ఇప్పుడు ఒక్కటి చెప్పు. పిడి ఎక్కడుంది? … పిడి, పిడి. నేను ముప్పై ఏళ్ళు తిప్పిన పిడి. షాపువాడు పాత ఇనుములో వేసేశాడా?

…

గోడకా?

…

మళ్ళీ చెప్పు. మీ నాన్న ఫోటో కిందా? మెరుగుపెట్టించి? … చిన్న లైటు కూడానా?

…

వంశం గుర్తుగా! ఓరి నాయనో… వంశం ఇక్కడ మాడిపోతుంటే, గుర్తు అక్కడ గోడ మీద వెలుగుతోందా! చుట్టాలకి చూపించి ఏం చెబుతున్నావు? మా నాన్న తిప్పిన పిడి అనా? మీ నాన్న జన్మలో దాన్ని తిప్పలేదు బాబూ. ఆయన చేతిలో ఎప్పుడూ సుత్తే. తిప్పింది మీ అమ్మ. మీ అమ్మ తర్వాత నేను. ఆ కొయ్యపిడి నడుము సన్నబడింది చూశావా? అది మా ఇద్దరి అరచేతులే. దాని పైన ఆయన ఫోటో!

…

సరే. ఆయనంటే నాకూ గౌరవమే. ఆ మాట వదిలెయ్. పళ్ళచక్రాలేవి?

…

షాపులో గోనెసంచిలోనే ఉన్నాయా? అమ్మలేదుగా? … దేవుడు చల్లగా చూశాడు. ఇవాళే వెళ్ళు. సంచి తెచ్చుకో, గోడ మీది పిడి పీకు, ఆ షాపువాణ్ణీ వెంటబెట్టుకుని రా. ఇక్కడే, నా కళ్ళ ముందు బిగించాలి.

…

ఎందుకంటే నేను చెప్పాను కనక!

…

మొండితనమా. అలాగే అనుకో. ముసలిదానికి చాదస్తం అనుకో. కానీ తీసుకురా.

…

ఏమన్నావు? … మళ్ళీ అను.

…

మీ అన్న చెయ్యి పడిపోయిందని ఊళ్ళో అంటున్నారా? ఎవరన్నారు? … నీ దాకా వచ్చిందా అప్పుడే? మూడు కత్తులకే?

…

ఆయన చెయ్యి పడిపోలేదు. నోరు జాగ్రత్త. ఆ చెయ్యి ఇప్పటికీ వెంట్రుక మందం తేడా పట్టుకుంటుంది. చేతికేం కాలేదు.

…

…

కెతుట్. నీ పక్కన ఎవరైనా ఉన్నారా? … మీ ఆవిడ ఉంటే వంటింట్లోకి పంపు. నువ్వు బయటికి రా. తలుపు వేసుకో.

…

మీ అన్నకి రంగులు తెలియడం లేదు.

…

కళ్ళు. ఇనుము రంగు. మిరపపండు రంగుకీ బొప్పాయిపండు రంగుకీ ఆయనకి తేడా లేదు. వెలుగు తెలుస్తుంది, మనిషి తెలుస్తాడు, కత్తి అంచు తెలుస్తుంది. నిప్పులో ఇనుము ఎప్పుడు పండిందో తెలియదు.

…

మూడేళ్ళు. ఇంకొంచెం ఎక్కువే.

…

వెళ్ళాం. క్లుంగ్‌కుంగ్‌లో కంటి డాక్టరు దగ్గరికి. గుడికి అని చెప్పి వెళ్ళాం. కోసి తీసే పొర కాదట. నిప్పు చూసి చూసి కంటి వెనక భాగం అరిగిపోయిందట. బేరింగు గోళీలా మార్చేది కాదు.

…

ఎలా చేశాడంటే… నేను చూసేదాన్ని. తిప్పుతూ నిప్పులోకే చూస్తానుగా, నాకు వేరే పనేముంది? ఇనుము బొప్పాయి రంగుకి రాగానే సగం తిప్పి, టక్కున ఆపేదాన్ని. గాలి ఆగేది. ఆయన పట్టకారు లోపలికి వెళ్ళేది. అంతే.

…

లేదు. ఒక్కసారి కూడా అనుకోలేదు. "నువ్వు ఆపితే నేను తీస్తాను" అని ఆయన అడగలేదు. "నీకు కనపడటం లేదా" అని నేను అడగలేదు. ఒకరోజు అలా జరిగింది, మర్నాడూ జరిగింది. మూడేళ్ళు ఒకే ఇంట్లో, ఒకే మంచం మీద ఉండి, ఆ మాట ఒక్కటి మా మధ్య రాలేదు. ఇప్పుడు నీకు చెబుతున్నాను. ముందు ఆయనకి చెప్పాల్సింది. నీకు చెప్పాను.

…

నోటితో చెప్పొచ్చుగా అంటావా? నిన్న చెప్పాను. నాలుగో కత్తికి ఆగలేకపోయాను. "ఇప్పుడు తియ్యి" అన్నాను. గుడి కమిటీ మనుషులిద్దరు గుమ్మంలో కూర్చున్నారు. మీ అన్న పట్టకారు కింద పెట్టేశాడు. చాలా మెల్లగా పెట్టాడు. బయటికి వెళ్ళి సముద్రం వైపు తిరిగి నిలబడ్డాడు. ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. కోపంతో కాదు. కోపమైతే నాకు తెలుసు, సర్దుకునేదాన్ని.

…

ఊఁ.

…

ఊఁ… నీకు తెలియదు. నీ తప్పు కాదని నేనెందుకంటాను? తప్పే. అడగాల్సింది. ఇంటికి ఏం కావాలో అడక్కుండా చేసే మేలు మేలెలా అవుతుంది? కానీ తెలియకే చేశావు, అది కూడా నిజమే.

…

ఏంటో కెతుట్. నిప్పులో బ్రహ్మ ఉంటాడని పూజారి చెబుతాడు. పొద్దున్నే పూలు పెడతాను, నమ్ముతాను. సుత్తికి పేరు పెట్టి మంత్రం చదువుతాడు, దాగలికీ చదువుతాడు. ఆ గాలిలో ఎవరుంటారో మాత్రం ఎప్పుడూ చెప్పడు. అడుగుదామనుకుంటాను. అడిగితే ఏమనుకుంటాడో అని ఊరుకుంటాను.

…

ఏడవకు. డ్రైవరు పని చేసేవాడివి, కళ్ళు తుడుచుకుని బండి తియ్యి.

…

ఇవాళే వస్తావా? మాటేనా? … షాపువాడు రానంటే? … ఆఁ, అలా అను. రాకపోతే వాడు బిగించిన గేట్లన్నీ మా అన్న వచ్చి చూస్తాడని చెప్పు, వాడే పరిగెత్తుకొస్తాడు.

…

మీ అన్నకా? నేను ఈ మాట చెప్పినట్టు ఆయనకి తెలియకూడదు. ఎప్పటికీ. నువ్వు ఆయన కళ్ళలోకి జాలిగా చూశావంటే నిన్ను గుమ్మం తొక్కనివ్వను.

…

మరి మోటారు ఎందుకు తీస్తున్నావంటే… చెడిపోయిందని చెప్పు. అందుకే పాతవి బిగిస్తున్నామని చెప్పు.

…

అబద్ధం కాదు.

…

తెలుసు, ఇప్పటికి బాగానే ఉంది. అయినా అబద్ధం కాదంటున్నాను. గుడి కత్తులు చేసే కొలిమి ముందు నిలబడి అబద్ధం చెబుతానా, నిన్ను చెప్పనిస్తానా?

…

ప్లగ్గు పీకేశాను. పొద్దునే పీకాను. ఆయన బయటికి వెళ్ళగానే రేవుకి వెళ్ళి రెండు బిందెలు సముద్రపు నీళ్ళు తెచ్చాను. ఉప్పునీళ్ళు తాగిన మోటారు ఇక లేవదు. పడవలవాళ్ళని అడుగు, కావాలంటే.

…

ఆఁ, నీకు ఫోన్ చేయకముందే తెచ్చాను. నువ్వు ఒప్పుకున్నా, ఒప్పుకోకపోయినా.

…

కొత్తదైతే ఏం? … అమ్మో, కేకలు నీకూ వచ్చే!

…

మీ అన్న వచ్చే వేళయింది. ఇక పెట్టెయ్ కెతుట్. బిందె బరువుగా ఉంది, నాకు రెండు చేతులూ కావాలి.