బ్యాలెట్ వెనక వైపు

(అయోవాలో ఒక చిన్న ఊరు. ఇక్కడ జడ్జి పదవిలో ఉండాలో వద్దో కూడా బ్యాలెట్ వెనక వైపు ఓటేసి జనమే తేలుస్తారు. ఎన్నికల మర్నాడు, జడ్జి ఆర్లిస్ ఇంటి వంటగది. గిన్నెతో వచ్చింది వెర్నా. చిన్నప్పుడు ఆర్లిస్‌కి చర్చిలో బైబిలు పాఠాలు చెప్పినావిడ.)

“కాస్త జరుగు ఆర్లిస్, చెయ్యి కాలుతోంది. ఎక్కడ పెట్టను?”

“ఆ మూడింటి పక్కన పెట్టండి, వెర్నాగారూ.”

“అప్పుడే మూడొచ్చాయా?”

“ఇంట్లో ఎవరో పోయినట్టు తెస్తున్నారు. పోయింది ఉద్యోగమే.”

“అలా అనకమ్మా. బంగాళాదుంపలూ కోడిమాంసమూ. నీకు పడదని ఉల్లిపాయ తగ్గించా. గిన్నె అడుగున నా పేరు అంటించా, మెల్లగా పంపు.”

“మీరూ ‘వద్దు’ అనే పెట్టారా?”

“కాఫీ ఉందా?”

“వెర్నాగారూ.”

“పెట్టాన్లే. ‘బ్యాలెట్ వెనక్కి తిప్పండి, జడ్జిని దించండి’ అని పాస్టరుగారు ప్రతి ఆదివారం చెబుతుంటే ఏం చెయ్యను? జంటగా కాపురముంటున్న ఆ ఇద్దరాడవాళ్లకీ బిడ్డని దత్తత ఇచ్చావు నువ్వు.”

“చట్టంలో ఉన్నదే చేశా.”

“నీకోసం ప్రార్థన కూడా చేశాను.”

“ప్రార్థన నాకు, ఓటు వాళ్లకి.”

“నా ఒక్కదాని ఓటుతో ఏమవుతుంది, ఎలాగూ గెలుస్తావులే అనుకున్నా. మా పక్కింటి బెర్తా కూడా అలాగే అనుకుందట. ఏమో, అందరూ అలాగే అనుకున్నారేమో. సరే, అది వదిలెయ్. కోల్బీ నీకు బొమ్మ గీశాడు.”

“మీ మనవడి కేసు గురించి నాతో మాట్లాడకూడదు.”

“కేసు కాదు, బొమ్మ. నల్లకోటు వేసుకుని నువ్వు. వాళ్లమ్మ పోయినప్పట్నించీ నా దగ్గరే ఉన్నాడుగా, రోజంతా బొమ్మలే. బెల్టు కనిపిస్తే మాత్రం ఇప్పటికీ బల్ల కిందకి దూరతాడు. వాళ్ల నాన్న చేసిన—”

“చెప్పొద్దు.”

“చెప్పన్లే. జనవరిలో ఎలాగూ నువ్వే వింటావు.”

“కాఫీ తాగండి.”

“నువ్వే కదా?”

“డిసెంబరు ఆఖరుతో నా పని అయిపోతుంది.”

“అదేంటి? నీ దగ్గర మొదలైన కేసు కదా. మధ్యలో వదిలేస్తారా ఎక్కడైనా?”

“నేను వదల్లేదు, వెర్నాగారూ.”

“మరి కోల్బీని నాకివ్వాలో వాళ్ల నాన్నకివ్వాలో ఎవరు చెబుతారు?”

“గవర్నరు ఎవర్ని వేస్తే వాళ్లు. ఆయన మీ చర్చివాళ్ల మాటే వింటాడు. ఎలాంటి జడ్జి కావాలో చర్చిలో పంచిన కాగితంలో ఉందిగా.”

“ఏదో ఉంది.”

“చదవలేదా?”

“చదివా. ‘ఇంటికి తండ్రే పెద్ద, బిడ్డ మీద హక్కు తండ్రిదే అని నమ్మే జడ్జి కావాలి.’ మంచి మాటే కదా అనుకున్నా. మంచి మాటే కదా, ఆర్లిస్?”

“కాఫీ చల్లారిపోతోంది.”

“మొన్న ఆదివారం పాస్టరుగారికి గొంతు పట్టేసింది, జడ్జిగారూ. ఆ కాగితం అందరికీ పైకి చదివి వినిపించింది నేనేనండీ.”