తల ఊపనివ్వని టీచరు

ఈ సభను నడిపిస్తున్న ప్రధానోపాధ్యాయుల వారికి, ముందు వరుసలోని పెద్దలకు, ఈ బడిలో పాఠాలు చెప్పి అలసిపోయిన, ఇంకా అలసిపోవలసిన ఉపాధ్యాయ మిత్రులకు, చంకన పిల్లలతో వచ్చి హాలంతా కిటికీల దాకా నింపేసిన పాత విద్యార్థినులకు, చివరగా ఆ పూలగుత్తుల వెనక మొహం సగమే కనబడేలా కూర్చున్న మా అక్కకు నమస్కారం.

నేను పక్క వీధిలోని ప్రసూతి ఆసుపత్రిలో పసిపిల్లల డాక్టరును. ఈ రోజు పదవీ విరమణ చేస్తున్న లెక్కల టీచరుకు సొంత చెల్లెలిని. తోడబుట్టినదాన్ని కదా, నాలుగు మంచి మాటలు చెప్పమన్నారు. మంచి మాటలన్నీ నాకంటే ముందు మాట్లాడినవారు చెప్పేశారు. నా వంతుకు నిజం ఒక్కటే మిగిలింది. అదేమిటంటే, మా అక్కను చూస్తే నాకు కుళ్ళు. (నవ్వులు) మీరు నవ్వండి, పర్వాలేదు. అక్క మాత్రం నవ్వడం లేదు చూడండి, నేను వేళాకోళమాడటం లేదని ఆవిడకు తెలుసు.

మా ఇద్దరితో విడివిడిగా ఒకసారి వీధిలో నడిచి చూడండి, సంగతి మీకే అర్థమవుతుంది. అక్కతో కూరగాయలకు బయల్దేరితే అడుగుకొక పిల్లల తల్లి ఆపుతుంది, బస్సులో వెళ్ళేవాళ్ళు కిటికీలోంచి చేతులూపుతారు, కూరగాయలావిడ మా అక్క సంచీలో ఊరికే కొత్తిమీర పడేస్తుంది. అదే తల్లులు నేను ఎదురైతే చూపు పక్కకు తిప్పుకుంటారు. వాళ్ళ తప్పేం లేదు. నన్ను చూస్తే వాళ్ళకు గాజుపెట్టె, దానిలో గొట్టాల మధ్య పడుకున్న బిడ్డ, తిండి సయించక వరండాలో గడిపిన రోజులు గుర్తొస్తాయి. ఇక పిల్లలకు నేను సూది మనిషిని. నేను బతికించి పంపిన పిల్లలు పెరిగి, ఈ బడిలో చేరి, పొద్దస్తమానం మా అక్క పేరు జపిస్తారు. కడుపు మండదా చెప్పండి?

ఈ మంట నిన్న మొన్నటిది కాదు. డాక్టరు పట్టా పుచ్చుకుని ఇంటికొచ్చిన రోజున, మా అమ్మ ఆ కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివి, "చాలా సంతోషంగా ఉందే. నువ్విలా నిలబడ్డావంటే అంతా అక్క చలవ" అంది. నిద్ర మానుకుని చదివింది నేను, చలవ మాత్రం అక్కది. ఆ మాటకు అర్థమేమిటని అడగడానికి పౌరుషం అడ్డొచ్చింది. అమ్మ పోయేదాకా అడగనే లేదు.

ఇప్పుడు అదిగో, మూడో వరుసలో, చారల చొక్కా పిల్లవాడిని ఒళ్ళో పెట్టుకున్న అమ్మాయిని చూడండి. దాచుకోకమ్మా మొహం. ఈ అమ్మాయి దర్జీ కూతురు. తొమ్మిదో తరగతిలో చదువు మాన్పించి కుట్టుమిషను ముందు కూర్చోబెడితే, మా అక్క రోజూ సాయంత్రం ఆ కొట్టుకు వెళ్ళి, నోరు మెదపకుండా గుమ్మం దగ్గర బల్ల మీద కూర్చునేదట. చివరకు ఆయన, "మీరలా కూర్చుంటే లోపలికి రావడానికి జనం జంకుతున్నారు టీచరుగారూ, పిల్లని తీసుకెళ్ళండి" అన్నాడట. (నవ్వులు) తరగతిలో ఈమెకు పెట్టిన పేరు నత్త. ప్రతి లెక్కకూ లేచి "మళ్ళీ చెప్పండి టీచర్" అనేదట, పాఠం ముందుకు కదిలేది కాదట.

నత్త పురుడు మా ఆసుపత్రిలోనే జరిగింది. ఇంటికి పంపేటప్పుడు మా నర్సు అందరికీ చెప్పే మాటే ఈమెకూ చెప్పింది: బిడ్డ పాలు సరిగా తాగకపోయినా, ఒళ్ళు చల్లబడినా వెంటనే తీసుకురండి. ఆ మాటనే నేను గోడ మీద ఎర్ర అక్షరాలతో రాయించాను, పక్కన బొమ్మలు కూడా వేయించాను. అందరూ విని తల ఊపి వెళ్ళిపోతారు. నత్త తల ఊపలేదు.

"సరిగా తాగట్లేదని నాకెలా తెలుస్తుంది సిస్టర్? ఒళ్ళు చల్లబడిందంటే ఎక్కడ పట్టుకుని చూడాలి?" అని అడిగింది. నర్సుకు వేరే పనులున్నాయి. అయినా ఆగి, బిడ్డ పాదం, పొట్ట తాకి చూడటం ఎలాగో ఈమె చెయ్యి పట్టుకుని చూపించక తప్పలేదు.

ఇంటికెళ్ళాక ఒక మధ్యాహ్నం బిడ్డ రొమ్ము పట్టకుండా అదే పనిగా నిద్రపోతున్నాడు. పాదాలే కాదు, పొట్ట కూడా చల్లగా తగిలింది. అత్తగారు మంచి మనిషే. కానీ బిడ్డ పడుకున్నంతసేపూ తల్లికి హాయి అనుకునే కాలం మనిషి.

"పడుకున్న బిడ్డని కదపకు. లేచాక వాడే తాగుతాడు" అందట.

"లేపినా లేవట్లేదు అత్తయ్యా. ఇది నిద్ర కాదు."

"నలుగురిని కన్నాను, నాకు తెలీదా?"

"మీకు తెలుసు. అందుకే అడుగుతున్నా. వీడి పొట్ట మీద ఒకసారి చెయ్యి పెట్టి, అప్పుడు చెప్పండి."

ఆవిడ చెయ్యి పెట్టింది. పెట్టిన చెయ్యి తియ్యకుండానే, ఆటో తీసుకురమ్మని కొడుకును కేకేసింది.

తల్లి గుండెకు అంటుకుని, కొంగు కింద వెచ్చగా వచ్చాడు వాడు. ఒళ్ళంతా ఇన్ఫెక్షను. సాయంత్రం దాకా ఆగి ఉంటే ఈ హాలులో ఆ చారల చొక్కా ఉండేది కాదు.

మందు ఎక్కిస్తుంటే ఈమె నా పక్కన నిలబడి, అదేం మందు, ఎందుకు అని అడిగింది. నాకు ఒళ్ళు మండింది. "చెప్తే నీకు అర్థమవుతుందా అమ్మా?" అన్నాను. "అర్థం కాకపోతే మళ్ళీ అడుగుతాను మేడమ్" అంది. చెప్పాను. మళ్ళీ అడిగింది. మళ్ళీ చెప్పాను. బిడ్డ కోలుకుని పాల కోసం గుక్కపట్టి ఏడ్చిన రోజున నేనూ ఈమే ఒకరి మొహం ఒకరం చూసుకుని నవ్వుకున్నాం. వెళ్ళేటప్పుడు, "థాంక్స్ మేడమ్. ఇప్పుడే వెళ్ళి టీచరుకి చెప్పాలి, ఎంత సంతోషిస్తారో" అంది. మందు నాది, గాజుపెట్టె నాది, సంతోషం టీచరుకు.

ఆ సాయంత్రమే అక్క ఇంటికి యుద్ధానికి వెళ్ళాను. ఆవిడ చీరలు ఇస్త్రీ చేసుకుంటోంది.

"పసిపిల్లల గురించి నీ తరగతిలో ఏం చెప్తున్నావు?" అన్నాను.

"పసిపిల్లల గురించి నాకేం తెలుసే? నేను చెప్పేది లెక్కలు."

"మరి ఆ నత్తకి అంత తెలివి ఎలా వచ్చింది?"

"నా తరగతిలో అర్థం కాకుండా తల ఊపకూడదు. ఊపితే లేపి, ఏం అర్థమైందో చెప్పమంటాను. అంతే."

"అదెక్కడి నియమం?"

అక్క ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టింది. మా ఇద్దరి మధ్య ఇద్దరు మగపిల్లలు పుట్టి పోయారని నాకు తెలుసు. అంతకు మించి తెలియదు. ఆ రోజు అక్క చెప్పింది: "రెండోవాడిని ఇంటికి తెచ్చేటప్పుడు నేను అమ్మ కొంగు పట్టుకుని పక్కనే ఉన్నా. డాక్టరు ఏదో చెప్పాడు. అమ్మ తల ఊపింది. బయటికొచ్చాక ఏం చెప్పారమ్మా అంటే, ఏమోనే, నాకు అర్థం కాలేదు, అడిగితే తిడతారేమోనని ఊపేశాను అంది. వాడు ఎన్నాళ్ళో బతకలేదు."

ఆ తర్వాత అక్క బడి నుంచి రాగానే పలక తీసుకుని అమ్మ దగ్గర కూర్చుని, ఆ రోజు పాఠం అమ్మకు నేర్పేదట. అమ్మ తల ఊపితే ఒప్పుకునేది కాదట, చెప్పమనేదట. నేను పుట్టినప్పుడు చేతిలో ఇమిడిపోయేంత ఉన్నానట. వెచ్చగా ఎలా ఉంచాలి, ఎన్నిసార్లు పాలు పట్టాలి అని, డాక్టరు విసుక్కున్నా కదలకుండా, తనకు అర్థమయ్యేదాకా అమ్మ నిలబడి అడిగిందట. జీవితమంతా పసిపిల్లల్ని బతికించానని మురిసిపోయిన నాకు, నేనే అక్క బతికించిన పసిపిల్లనని ఆ ఇస్త్రీ బల్ల దగ్గర తెలిసింది. ఇంతకంటే కుళ్ళుకోవడానికి ఏం కావాలి? అదీ మింగాను. కానీ అమ్మ తన దుఃఖాన్ని అక్కకు చెప్పుకుంది, నాకు చెప్పుకోలేదు. అది మాత్రం ఇప్పటికీ మింగుడుపడదు.

చదువుకున్న తల్లి బిడ్డకు జబ్బు రాదని నేననను. వస్తుంది. కానీ అలాంటి తల్లి త్వరగా నా దగ్గరికి వస్తుంది. అసలు నా దగ్గరికి రావలసిన అవసరమే పడని బిడ్డలు ఎందరో నాకు తెలియదు, వాళ్ళను నేను చూడనే లేదు కాబట్టి. వాళ్ళంతా అక్క పిల్లలు.

అక్కా, రేపటి నుంచి బీరువా సర్దుకుంటానన్నావు. బీరువా ఎక్కడికీ పోదు. మా వార్డు చివర, ఇంటికి వెళ్ళబోయే తల్లులు ఆగే గది ఒకటుంది. మా పెద్ద డాక్టరుగారిని అడిగాను, సరేనన్నారు. రోజూ పొద్దున కాసేపు వచ్చి వాళ్ళతో ఉండు. నెల తిరక్కుండా వాళ్ళూ నీ పేరే చెప్పుకుంటారు. నేను కుళ్ళుకుంటాను, ఇంటికొచ్చి దెబ్బలాడతాను కూడా. అన్నీ తెలిసే పిలుస్తున్నాను. రా.

(విరామం) అక్క ఏదో అడుగుతోంది... ఏమిటి? ఆ గదిలో వాళ్ళు కూర్చోవడానికి కుర్చీలున్నాయా అని అడుగుతోంది.

లేవు. పచ్చి బాలింతలు బిడ్డల్నెత్తుకుని అక్కడ నిలబడే ఉంటారు. ఆ గదిలోకి నేను ఇన్నేళ్ళుగా రోజూ వెళ్ళొస్తున్నాను, ఈ క్షణం దాకా నాకు తట్టలేదు. (నవ్వులు) చూశారా, ఇంకా రానేలేదు, అప్పుడే మొదలైంది నా కడుపుమంట.

కుర్చీలు వేయిస్తానక్కా. ఇంత ఓపిగ్గా విన్న మీకందరికీ కృతజ్ఞతలు. ఆవిడ మనసు మార్చుకునేలోపే నేను వెళ్ళి ఆ పని చూడాలి. సెలవు.