చెడ్డ నక్షత్రం

ఏంట్రా, ఇవాళ బళ్ళో పంతులుగారు చెప్పిన ఇంగిలీషు మాట? డిజాస్టరా? హుఁ... అది నాకెందుకు తెలీదురా, మా అన్నయ్య రామ్మూర్తి నోట విన్నదే. బెండమూర్లంకలో ఉప్పు కొటార్లు చూసే దొర దగ్గర దుబాసీ చేసేవాడు. దొర అన్నది మనకీ, మనమన్నది దొరకీ చెప్పడం. కొత్త మాట చెవిన పడిందా, అది ఎక్కణ్ణించి పుట్టిందో అడిగి తెలుసుకుంటేగాని అన్నం సయించేది కాదు. ఆయ్, అలాంటి మనిషి. ఆ చుట్ట ఇలా అందుకో. ఏం చెబుతున్నాను? ఆఁ, పెద్ద ఉప్పెన. మీ నాన్న అప్పటికి పాకుతున్నాడు. పక్కింటి పోలయ్యగారి కొడుకు పడవతో సహా పోయేడు. పెళ్ళై ఏడాది తిరగలేదు. అతని పెళ్ళాం చిట్టెమ్మకి పుట్టింట్లో ఎవరూ లేరు. అత్తగారు వీరాయమ్మ జుట్టు విరబోసుకుని అరుగు మీద కూలబడి, "దీని నక్షత్రమేనండీ నా కొడుకుని మింగేసింది! ఇది నా గుమ్మంలో ఉండకూడదండీ!" అని ఒకటే ఏడుపు. పెద్దమనుషులొచ్చి కూచున్నారు. పిల్ల తలుపు వెనకాల నిలబడి వింటోంది.

అన్నయ్య ఉండబట్టలేకపోయేడు. "అయ్యా, ఇలాంటి కీడుని దొరలు డిజాస్టరంటారండి. వాళ్ళ పాత భాషలో ఆస్టరంటే నక్షత్రం. వాళ్ళూ పూర్వం చెడ్డ నక్షత్రమనే అనుకున్నారు. మరి దొరల ఓడలూ మునిగేయి కదండీ, వాళ్ళింటికి ఏ కోడలు కాపురానికొచ్చిందండి?" అన్నాడు. సగమే విన్నార్రా. "చూసేరా! సముద్రం అవతలోళ్ళకీ తెలుసంటండి!" అని వీరాయమ్మ లేచింది. అన్నయ్య కాదండీ, కాదండీ అంటూనే ఉన్నాడు. ఎవరికి కావాలి? ఆ పూటే పిల్ల చేతిలో మూట పెట్టి పడవెక్కించేసేరు. అన్నయ్య రేవుకి పరుగెత్తేసరికి పడవ అవతలి గట్టుకి చేరిపోయింది.

వెతికేడు. కొత్తపేట, రాజోలు, తిరగని రేవు లేదు. దొర కొలువు మానేసేడు. ఇంగిలీషు మాట మళ్ళీ పలికితే ఒట్టు. ఎవరైనా "అంతా అదృష్టమండీ" అంటే మాత్రం మండిపడేవాడు. "అదృష్టమంటే కనపడనిదనిరా. కనపడనిదాన్ని అడ్డం పెట్టుకుని కళ్ళెదుట ఉన్న పిల్లని తోసేసేం" అని నాతో అని, కళ్ళనీళ్ళు కుక్కుకునేవాడు. పోయేదాకా రోజూ ఈ రేవులో, ఈ రాతి మీదే కూచుని, పడవ దిగినవాళ్ళ మొహాలు చూసేవాడు. ఆయన పోయేక ఈ పని నాకంటుకుంది. నాకూ ఓపిక అయిపోయిందిరా. ఏంటీ? ఇప్పుడు కనపడినా పోల్చుకుంటానా అంటావా? ఏమో... అదిగో, పడవొస్తోంది. నా కళ్ళకి ఆనడం లేదు. నువ్వు చూడు, ఒంటరిగా ఆడమనిషెవరైనా దిగుతోందేమో.