కొంరవ్వ పిడికిట్ల ఇరవై ఐదు చుట్లు

కొంరవ్వ ఉన్నది గద సత్తెవ్వా, మన తీరుగనే బీడీలు చేసే కొంరవ్వ, ఆమెకు తన పానం మీద బుగులు లేదు గని ఆ పిల్లకేమన్న అయితదనే బుగులంత. పిల్లంటే జమున. కన్నబిడ్డ గాదు, చెల్లె బిడ్డ. ఆ చెల్లెకు ఏమైందంటే, ఎండకాలం కాలువ పనికి పోయింది, తట్ట దించింది, "అక్కా, పానం ఒక్క తీరుగ అయితందే" అన్నదంట, కూసున్నది. కూసున్నది కూసున్నట్టే పోయింది. పెదవులు తెల్లగైనయి, కండ్లు పైకి తేలేసింది. కొంరవ్వ నీళ్లకని ఉరికింది, చెంబు తెచ్చేలోపల అయిపోయింది. అప్పటిసంది పిల్లను ఈమెనే సాకింది. సాకితే ఆ పిల్లకు ఏం మోజు పుట్టిందంటే ఉరుకుడు మోజు పుట్టింది. పొద్దుగాల లేస్తే ఉరుకుడు, మాపటికి ఉరుకుడు. ఎండల ఉరకకు బిడ్డా అని ఈమె అంటది, ఉరకకపోతెనే నా పానం మంచిగుండది పెద్దమ్మా అని ఆ పిల్ల అంటది. గట్ల ఉరికి ఉరికి మండలంల గెలిచింది, జిల్లాల గెలిచింది, ఆఖరికి పట్నంల పెద్ద పోటీలకు పేరొచ్చింది. కొంరవ్వ ఎన్నడు చూడవోలే. చూస్తే నా గుండె ఆగుతది అనేది. గీసారి మాత్రం ఏమనుకున్నదో, నేనూ వస్త అని బస్సెక్కింది.

పదివేల మీటర్ల పందెమంట. గ్రౌండుకు ఇరవై ఐదు చుట్లు అనుకోండ్రి. పొద్దుగాల ఆరింటికే, సల్లగున్నప్పుడే ఉరికియ్యాలె. గని జెండ ఊపేటి పెద్దమనిషి రాలే. ఏడైంది, ఎనిమిదైంది. ఆయన వచ్చేసరికి పది గొట్టింది. ఎండ నెత్తికెక్కింది. పైన మెట్ల మీద కూసున్న కొంరవ్వకు కాళ్ల కింద సిమెంటు కాలుతంది. పక్కపొంటి ఇద్దరు మొగోళ్లు కూసున్నరు. ఒకాయన రాజేశం, లైన్‌మన్ నౌకరి చేసి దిగిపోయినాయన. ఏడున్నా ఈ దూరం పందేలకు వస్తడు, నోటుబుక్కుల ఒక్కొక్క చుట్టు రాసుకుంటడు, చేతుల గడియారం. ఇంకొకాయన ఎర్ర టోపీ ఆయన. పందేల ముచ్చట తప్ప వేరే ముచ్చట లేదు వాళ్లకు. ఎర్ర టోపీ ఆయన అంటడు, నిన్న ఐదువేల మీటర్లల్ల పచ్చ బనీను పిల్ల షాహీన్ ఫస్టొచ్చింది, ఇయ్యాల గూడ ఆ పిల్లదే అని. రాజేశం అంటడు, నిన్న ఉరికిన కాళ్లు ఇయ్యాల గుంజుతయి, మొదటి పది చుట్లు చూసి ఏం చెప్పకు, పదహారు దాటినంక మాట్లాడు అని. "ఎండ జూసినవా? పోయినేడు గిసొంటి ఎండల్నే ఒక పిల్ల ఇరవయ్యో చుట్టుల వడ్డది. నోట్లెకెల్లి నురగ." కొంరవ్వ ఆ మాట ఇన్నది. పరాయి మొగోళ్లతోని మాట్లాడే మనిషి గాదు, అయినా నోరు ఊకోలే. "బతికిందా సారూ?" అన్నది. గప్పుడే కింద జెండ ఊపిండ్రు, ఉరుకుమని తుపాకి పేలింది. ఇద్దరు లేసి నిలవడి గ్రౌండు దిక్కు తిరిగిండ్రు.

ఇగ ఉరుకుతున్నరు. పద్నాలుగు మంది. జమున నడిమిట్ల ఉన్నది. కొంరవ్వకు చేతులు ఊకోవు గద, మెట్ల మీద ఊడవంగ రాలిన చీపురు పుల్లలుంటె ఏరింది, బీడి పొడుగు ఇరిసింది. జమున ముంగటికెల్లి పోయినప్పుడల్ల ఒక్క పుల్ల ఎడమ పిడికిట్ల వెట్టింది. నవ్వకు సత్తెవ్వా, నువ్వయినా గదే చేస్తవు. మనకు బీడీ కట్టకు ఎన్ని? ఇరవై ఐదు. ఎంచుతమా? ఎంచం. పిడికిలి నిండితే చెయ్యికే ఎరుక. పది పుల్లలయినయి, నలుగురు ఎనుకవడ్డరు. పదహారయినయి, ఇగ ముంగట ఇద్దరే, జమున, షాహీన్. ఎనుకవడ్డోళ్లను వీళ్లు దాటిపోతుంటె ఎవలు ఏ చుట్టుల ఉన్నరో కిందున్నోళ్లకే తికమకైతంది. అంచున ఒకాయన ఇంక ఎన్ని చుట్లున్నయో అంకెల పలక తిప్పుతున్నడు. ఆయన దగ్గరికి ఎవలో వచ్చి మాట్లాడవట్టిండ్రు. పందొమ్మిదో పుల్లప్పుడు పలక మీద ఆరు ఉండె. ఇరవయ్యో పుల్ల వెట్టింది, తలకాయ లేపి చూసింది, అప్పుడూ ఆరే.

"సారూ, ఆరు రెండుసార్ల వచ్చింది" అన్నది. ఎర్ర టోపీ ఆయన నవ్విండు. వాళ్లు చదువుకున్నోళ్లవ్వా, నలుగురు కూసోని రాస్తున్నరు అన్నడు. రాజేశం నవ్వలే. నోటుబుక్కు చూసుకున్నడు. ఆయన రాతల గూడ ఇరవై గీతలే ఉన్నయి, అంటే పలక మీద ఐదుండాలె. అయినా ఆయనకే ధైర్యం చాల్లే, నడుమల నీళ్లు తాగిన, నేనే ఒకటి రెండుసార్ల రాసిన్నేమో అన్నడు. కొంరవ్వ మళ్ల పుల్లలల్ల వడ్డది. ఇరవై ఒకటి. ఇరవై రెండు. జమున తలకాయ ఒక దిక్కు ఒరుగుతంది. ఇరవై మూడు. ముంగటికెల్లి పోతుంటె చూసింది, పెదవులు తెల్లగున్నయి. పెయ్యి మీద చెమటే లేదు, ఎండిపోయింది. "సారూ, నీ కాళ్లు మొక్కుత, ఆ పోయినేటి పిల్ల బతికిందా?" ఆయన నోటుబుక్కు ఎనుకకు తిప్పిండు. "అది రాసుకోలేదమ్మా. గెలిచినోళ్ల పేర్లే రాసుకున్న" అన్నడు.

ఇరవై నాలుగయినయి. ఆఖరి చుట్టుకు గంట కొట్టాలె గద? కొట్టలే. జమున మాత్రం ఇగ ఉన్న పానమంత వెట్టి ఉరికింది, షాహీన్‌ను పది అడుగులు ఎనుకేసి గీత దాటింది. కొంరవ్వ పుల్ల వెట్టింది. పిడికిలి నిండింది. గప్పుడు, అయిపోయినంక, గణ గణ గణ అని గంట కొట్టిండ్రు. ఇంకో చుట్టంట! జమున ఆగవోయింది, గంట ఇన్నది, మళ్ల ఉరికింది. ఉరుకుడు గాదది, తూలుడు. షాహీన్ దాటిపోయింది. జమున తలకాయ ఎనుకకు వాలింది, కండ్లల్ల తెల్లగుడ్లు కనవడ్డయి. అవే కండ్లు. కాలువకాడి కండ్లు.

కొంరవ్వ మెట్లు దిగింది. ఎట్ల దిగిందో ఆమెకే తెల్వది. ముంగట నడుమంత ఎత్తు ఇనుప కంచె. ఆడ ఒక్క గడియ ఆగింది, ఎందుకంటే, నా లెక్క తప్పయితే? పిల్లను ముట్టుకుంటె పందెంల నుంచి తీసేస్తరని ముంగటనే ఇన్నది. నాలుగేండ్ల కష్టం నా చేతుల్నే మన్నయితది. జన్మల నా మొఖం చూడది. అయినా కొంగు బొడ్లె దోపి దుంకింది. ఎవలో సీటీ కొట్టిండ్రు, ఎవలో రెక్క వట్టిండ్రు, ఇదిలిచ్చుకొని పోయింది. మూల మలుపుకాడ పిల్లను రెండు చేతుల వట్టుకున్నది. "ఇడువు పెద్దమ్మా, ఇంకొక్క చుట్టున్నది" అని గుంజుకుంటది జమున. "లేదు బిడ్డా. ఇరవై ఐదయినయి. నేను చూసిన" అన్నది. ఆ మాటకు పిల్ల చేతులల్లకు జారింది. సోయి లేదు.

ఇగ అక్కడ లొల్లే లొల్లి. నీడకు గుంజుకపోయి బట్టలు తడిపిండ్రు, మెడకింద మంచుగడ్డలు వెట్టిండ్రు. ఒక పెద్ద సారు వచ్చి, ముట్టుకున్నవు, ఉరుకుడు పూర్తిగాలే, పేరు కొట్టేసినం అని ఒర్రుతున్నడు. రాజేశం నోటుబుక్కు వట్టుకొని దిగిండు, ఎర్ర టోపీ ఆయన గూడ దిగిండు, అవ్వ చెప్తే నేను నవ్విన సారూ, నాదే తప్పు, మీ కాయితాలు తియ్యుండ్రి అని అడ్డం వడ్డడు. కొంరవ్వకు ఇవేవి ఇనవడలే. పిల్ల ముక్కుకాడ చెంప ఆనిచ్చుకొని కూసున్నది, ఊపిరి తలుగుతందా లేదా అని. తలిగింది. మళ్ల తలుగుతదా అని. గట్ల ఎంతసేపు కూసున్నదో.

షాహీన్ మొత్తం చుట్టు ఉరికి గీతకాడ కూలవడ్డది గద, లేసి వచ్చింది. వాళ్ల కోచు ఫస్టు మనదే ఊకో అంటున్నా ఊకోలే. "ఆరు నేనూ రెండుసార్ల చూసిన సార్. అనుమానమొచ్చింది, గంట కొట్టలేదని ఉరికిన. ఇరవై ఐదప్పుడు జముననే ముంగట" అన్నదంట. గప్పుడు కాయితాలు తీస్తే, రాసేటోళ్లు నలుగురిల ఇద్దరివి ఒక తీరుగ, ఇద్దరివి ఒక తీరుగ ఉన్నయి. గంట సేపు గుసగుసలు వెట్టి, జమున ఫస్టని రాసిండ్రు. టైమ్ కాడ మాత్రం ఉత్త గీత గీసిండ్రు. ఇరవై ఐదుకాడ వాళ్లు గడియారం ఆపలేదాయె. రాజేశం దగ్గర టైమున్నది గని ఆయనది చెల్లదంట.

మాపటిజాము దవాఖాన్ల జమున కండ్లు తెరిసి, ఎన్నో నంబరొచ్చిన పెద్దమ్మా అని అడిగింది. కొంరవ్వ కొంగు నోట్లె కుక్కుకొని ఏడ్సింది. పిల్ల ఓడిపోయిన్ననుకొని, తనూ ఏడ్సింది. నర్సమ్మ వచ్చి చెప్పిందాక ఇద్దరు ఏడ్సుడే.

గదీ సంగతి. కొంరవ్వ బుగులు పోయిందా అంటె, యాడ పోతది? జమున మళ్ల ఉరుకుతంది, ఈమె మళ్ల పోతంది, పోయినప్పుడల్ల చీపురు పుల్లలు ఏరుతనే ఉంటదంట. కాకపోతే ఇప్పుడు పైన మెట్ల మీద కూసోది. కింద కంచెకు ఆనుకొనే కూసుంటది, దుంకనీకి సులువుగుంటదని.