ఆకుపచ్చ చుక్క

నా పేరు లొరెయిన్ ఒస్ట్రాండర్. వయసు అరవై ఒకటి. కనెటికట్ రాష్ట్రంలో, మా ఊరి కాలేజీ ప్రవేశాల ఆఫీసులో ఇరవై రెండేళ్లుగా గుమాస్తాను. ఏప్రిల్ తొమ్మిది, ఉదయం పది గంటలకు పోలీసు డిటెక్టివ్ ప్రుయెట్ గారి ఎదుట ఈ వాంగ్మూలం ఇస్తున్నాను. ముందు ఒక మాట రాసుకోండి: నా మనవరాలు మేవ్‌కు ఇందులో ఏమీ తెలియదు.

తల్లిదండ్రులో తాతలో మా కాలేజీలో చదివి ఉంటే, ఆ పిల్లల ఫైలు మీద ఆకుపచ్చ చుక్క అంటించడం నా పని. చుక్క ఉన్న ఫైళ్లను డైరెక్టర్ మిసెస్ థాకరీ స్వయంగా చదువుతారు; మిగతావి ఆమె దాకా వెళ్లవు. చుక్కలు నాకు జాబితా ప్రకారం లెక్కపెట్టి ఇస్తారు, ఒక్కటీ మిగలదు.

డిసెంబరులో మేవ్ మా వంటింట్లో దరఖాస్తు నింపుతూ అడిగింది.

"అమ్మమ్మా, మనవాళ్లెవరూ ఇక్కడ చదవలేదుగా?"

"లేదే."

"ముత్తాత ముప్పై ఒక్క ఏళ్లు వీళ్ల బాయిలర్ గదిలో పనిచేశాడుగా? దానికి గడి లేదా?"

"దానికెవరు పెడతారే గడి! 'లేరు' అని రాయి."

అలాగే రాసింది. నేను మాత్రం ఆ మాట మరిచిపోలేదు.

జనవరి పద్నాలుగు, మధ్యాహ్నం పన్నెండు నలభైకి అందరూ భోజనానికి వెళ్లారు. మా కాలేజీ లైబ్రరీకి ఎవరి పేరు పెట్టారో ఆయన మనవడి ఫైలు నా బల్ల మీద ఉంది. దాని చుక్క పీకి మేవ్ ఫైలుకు అంటించాను. మూల చిరిగింది. గోటితో అదిమాను. తెచ్చుకున్న శాండ్‌విచ్ తినకుండానే సంచిలో పెట్టేశాను.

మార్చి ఇరవై ఎనిమిదిన ఉత్తరాలు వెళ్లాయి. మేవ్‌కు సీటు వచ్చింది. ఆ అబ్బాయికి రాలేదు. ఏప్రిల్ మూడున వాళ్ల తాతగారు ఆఫీసుకు వచ్చి వెళ్లాక, మిసెస్ థాకరీ జాబితాతో చుక్కలన్నీ సరిచూసి, మేవ్ ఫైలు ముందు పెట్టుకుని నన్ను పిలిచారు.

"ఈ చుక్క చిరిగిందేం, లొరెయిన్?"

"నేనే మార్చానండి."

"ఎంత పని చేశావు! ఆయనకిప్పుడు నేనేం చెప్పను?"

"మేవ్ సీటు తీసేస్తారా అండీ?"

"మళ్లీ చూడాలి" అన్నారు. అప్పటినుంచి నాకు నిద్ర లేదు. ఉద్యోగం పోతే పోనివ్వండి. ఆ సీటు పోతుందేమోనని భయం. మేవ్‌కు ఏమీ తెలియదు.

నేను మార్చింది చుక్క ఒక్కటే. రెండు ఫైళ్లలో ఒక్క కాగితమూ తీయలేదు, ఒక్కటీ కలపలేదు. మేవ్ వ్యాసం కింద మిసెస్ థాకరీ తన చేత్తో "ఈ అమ్మాయిని వదులుకోవద్దు" అని రాశారు. ఆ కాగితం కూడా సాక్ష్యంగా తీసుకోండి సార్.

ఇదంతా నాకు చదివి వినిపించారు. ఇందులో ఉన్నది నా మాటే, ఉన్నది ఉన్నట్టే చెప్పాను.

(సంతకం) లొరెయిన్ ఒస్ట్రాండర్, బాయిలర్ గది వాల్టర్ కూతురు